కారు బామ్మర్ది దగ్గర, పేరు మీ మీద

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర ఊరు. నల్గొండలో ఇల్లు కట్టుకున్నాం, అమ్మా బాపూ అక్కడే ఉంటారు. 2019లో డీజిల్ డిజైర్ కొన్నాను, టీఎస్ 05 నంబరు. 2021లో ఉద్యోగం మీద డాలస్ వచ్చేశాను. కారు బాపు నడుపుకునేవాడు. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ పట్టడం మానేశాడు. ఏడాదిగా అది గేటు లోపల కవరు కప్పుకొని ఉందనే అనుకుంటున్నాను. మొన్న ఇక్కడ తెల్లవారుజామున మూడింటికి ఫోన్ మోగింది. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో డబ్బులు కట్ అయినట్టు మెసేజ్! బాపుకు ఫోన్ చేస్తే "మీ బామ్మర్ది తీస్కపోయిండు రా, అప్పుడప్పుడు తీస్కపోతడు" అన్నాడు. బామ్మర్దిని అడిగితే "నేనే ఉంచుకుంట బావా, నాలుగు లక్షలిస్త. రెండు ఇప్పుడు మీ బాపు చేతిల పెడ్త, రెండు దసరాకు. పేరు మార్చుడు నువ్వొచ్చినప్పుడు చూస్కుందాం" అంటున్నాడు. మాచర్ల నుంచి ఒక పార్టీ 4 లక్షల 80 వేలకు అడుగుతోంది. వచ్చేముందు, అవసరానికి ఉంటాయని రెండు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బాపుకు ఇచ్చాను. లోన్ పోయినేడు తీరింది, ఆర్‌సీ మీద బ్యాంకు పేరు మాత్రం ఇంకా ఉంది. మా ఆవిడతో అంటే "మా తమ్మునికి కారివ్వడానికి ఇన్ని లెక్కలా" అంటోంది. ఒక్క కారు కోసం టికెట్ పెట్టుకొని రాలేను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: తమ్ముడూ, బేరం సంగతి తర్వాత. ముందు ఆ పంతంగి మెసేజ్ గురించి మాట్లాడుకుందాం. ఆ రాత్రి మీ ఖాతాలోంచి పోయింది చిన్న మొత్తమే. కానీ టోల్‌గేట్‌కు కారు ఎవరు నడుపుతున్నారో పట్టదు. దానికి కావాల్సింది నంబరు, ఆ నంబరు వెనక ఉన్నది మీ పేరు. ఆ రోజు చౌటుప్పల్ దగ్గరో చిట్యాల దగ్గరో జరగరానిది ఏదైనా జరిగి ఉంటే పోలీసులు ముందుగా వచ్చేది మీ బాపు ఇంటికే.

మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే ఓనరు. డబ్బులు ఎవరిచ్చారు, తాళాలు ఎవరి జేబులో ఉన్నాయి, ఊరంతా ఎవరి కారు అనుకుంటోంది అన్నవి లెక్కలోకి రావు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. ఆ కేసులో మొదటి ఓనరు 2007లోనే కారు అమ్మేశాడు. కొన్నాయన ఇంకొకరికి, ఆయన మరొకరికి, అట్లా చేతులు మారింది. ఆర్‌సీ మార్పించుకునే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. 2009లో ప్రమాదం జరిగింది. "నేనమ్మి రెండేళ్లయింది, నాకేం సంబంధం" అని మొదటాయన వాదించాడు. హైకోర్టులో ఆ వాదన నెగ్గింది, సుప్రీంకోర్టులో నిలవలేదు. రికార్డులో పేరున్న మనిషే పరిహారానికి బాధ్యుడన్నారు. బాధితుల కుటుంబం చేతులు మారిన వాళ్లందరినీ వెతుక్కుంటూ తిరగలేదు కదా అన్నది కోర్టు ఆలోచన. నాకు అది న్యాయంగానే అనిపిస్తుంది. మీకు మాత్రం ఇబ్బందే.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మిర్యాలగూడలో ఉన్నప్పుడు పాత చేతక్ స్కూటర్ ఒకటి తెలిసినాయనకే అమ్మాను. సంతకాలు పెట్టిన ఫారాలు చేతికిచ్చి, చాయ్ తాగి, ఇంటికొచ్చేశా. ఆరేళ్ల తర్వాత ఒక పొద్దున కానిస్టేబుల్ తలుపు కొట్టాడు. నా స్కూటర్ దేవరకొండ అవతల ఒక తండా దారిలో నల్లబెల్లం మూటలతో పట్టుబడిందట. గుడుంబా కేసు! నాలుగుసార్లు తిరిగితే గానీ అది నేను కాదని నమ్మలేదు. నేను నల్గొండలోనే ఉన్నాను కాబట్టి తిరగగలిగాను. మీరు డాలస్ నుంచి ఎట్లా తిరుగుతారు?

ఇక బామ్మర్ది. ఆయనకే అమ్మండి. మాచర్ల పార్టీ కంటే 80 వేలు తక్కువైనా ఆయనకే ఇవ్వమంటాను, ఎందుకో కాసేపట్లో చెబుతాను. తగ్గించిన ఆ 80 వేలు మీ ఆవిడ మాటకు ఇచ్చిన మర్యాద అనుకోండి. కానీ "నువ్వొచ్చినప్పుడు చూస్కుందాం" అన్న మాట దగ్గర మాత్రం కదలకండి. మీరు రెండేళ్లకో మూడేళ్లకో వస్తారు, వచ్చిన మూడు వారాల్లో రెండు పెళ్లిళ్లు, ఒక యాదగిరిగుట్ట, ఒక డెంటిస్టు. ఆర్టీఏ ఆఫీసు మొహం చూసేది ఎప్పుడు?

"నా మీద నమ్మకం లేదా బావా" అని తప్పకుండా అంటాడు. దానికి మీ జవాబు సిద్ధంగా ఉండాలి. "నీ మీద ఉంది. నువ్వు రెండేళ్లకు దీన్ని ఇంకెవరికో అమ్ముతవు కదా, వాని మీద లేదు" అనండి. నిజం కూడా అదే. ఇంకొకటి కూడా చెప్పండి. ఆ ఇంట్లో లైసెన్స్ వయసు రాని పిల్లలు ఎవరైనా ఉంటే, వాళ్లలో ఒకరు ఓ సాయంత్రం పానగల్ చెరువు గట్టు దాకా కారు తీసినా చాలు. 2019లో చట్టానికి చేర్చిన సెక్షన్ ప్రకారం మైనర్ నడిపి నేరం జరిగితే గార్డియన్‌తో పాటు ఓనరు మీద కూడా కేసు. 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. తనకు తెలియకుండా జరిగిందని ఓనరే రుజువు చేసుకోవాలి. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉంటే పాస్‌పోర్ట్ రెన్యూవల్ దగ్గర చిక్కు వస్తుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ముక్క మీ ఆవిడకు కూడా చెప్పండి. తమ్ముడి కారు లెక్క వేరు, మొగుడి పాస్‌పోర్ట్ లెక్క వేరు, ఆమెకు అర్థమవుతుంది.

ఇప్పుడు పని ఎట్లా సాగాలో చెబుతాను.

అన్నింటికంటే ముందు బ్యాంకు పేరు పోవాలి. లోన్ తీరిపోతే ఆర్‌సీలో దానంతట అదే పోతుందని చాలామంది అనుకుంటారు, పోదు. బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (మాకు అభ్యంతరం లేదన్న కాగితం), బ్యాంకు సంతకం ఉన్న ఫారం 35 తీసుకొని ఆర్టీఏలో హెచ్‌పీ, అంటే ఆర్‌సీ మీది ఆ బ్యాంకు పేరు, క్యాన్సిల్ చేయించుకోవాలి. అప్పటిదాకా పేరు మార్పుకు బ్యాంకు అనుమతి కావాల్సిందే. లోన్ తీర్చినప్పుడు వచ్చిన ఎన్‌వోసీ మీద గడువు తేదీ ఉంటుంది, అది చూసుకోండి. దాటిపోతే బ్యాంకుకు మెయిల్ పెట్టి కొత్తది తెప్పించుకోవాలి. మీ ఫైల్లో ఎక్కువ రోజులు పట్టే పని ఇదే. ఈ రోజే మొదలుపెట్టండి.

రెండోది, మీ తరఫున ఇక్కడ నిలబడే మనిషి. సంతకాలు చేసిన ఫారాలు కొరియర్‌లో పంపితే చాలదా అని మీ ఫ్రెండ్స్ అంటారు. కొన్నిసార్లు పని జరిగిపోతుంది కూడా. కానీ సంతకం తేడాగా ఉందని ఆఫీసర్ ఒక్క మాట అన్నాడంటే ఫైల్ అక్కడే ఆగుతుంది, మళ్లీ కొరియర్, మళ్లీ మూడు వారాలు. అందుకే పవర్ ఆఫ్ అటార్నీ రాయించమంటాను. మన నల్గొండలో జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అనగానే ప్లాట్ల గొడవలు గుర్తొచ్చి జనం ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడాల్సిందే కూడా. మీకు కావాల్సింది జనరల్ కాదు, స్పెషల్ పవర్. ఈ ఒక్క కారుకు, ఈ ఒక్క పనికి. కారు నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అందులో ఉండాలి. పేరు మార్పుకు వాడే ఫారం 29, 30, బ్యాంకు పేరు తీసే ఫారం 35 మీద సంతకం పెట్టడానికి, ఆర్టీఏ ఆఫీసులో హాజరవడానికి, కారు అప్పగించడానికి అధికారం ఇస్తున్నట్టు రాయండి. డబ్బు మాత్రం నా ఫలానా ఖాతాలోకే రావాలని రాయండి. ఈ అధికారం ఇంకొకరికి మళ్లించకూడదనీ, ఆరు నెలల తర్వాత చెల్లదనీ కూడా రాయండి.

ఎవరికివ్వాలి? మీ బాపుకు. కంటి ఆపరేషన్ అయితే కారు నడపలేడేమో గానీ సంతకం పెట్టగలడు కదా. బామ్మర్దికి మాత్రం వద్దు. కొనేవాడి చేతికే అమ్మే అధికారం ఇచ్చాక ఇక బేరం ఏముంది?

ఆ కాగితం డాలస్‌లో రెండు రకాలుగా చేయించవచ్చు. టెక్సాస్ హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది, అక్కడి నుంచి అటెస్టేషన్ చేయించడం ఒక దారి. లేదంటే స్థానిక నోటరీ ముందు సంతకం చేసి, టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు నుంచి అపోస్టిల్ ముద్ర (ఆ నోటరీ అసలైనదేనని వేరే దేశానికి చెప్పే ముద్ర) వేయించుకోవడం. అమెరికా, ఇండియా రెండూ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఇదీ చెల్లుతుంది. (ఇదే తిప్పలు దుబాయ్‌లో ఉండి పడుతున్నవాళ్లు నేరుగా మన కాన్సులేట్‌కే వెళ్లండి, యూఏఈ ఆ ఒప్పందంలో లేదు.) చాలామంది మరిచిపోయేది ఆ తర్వాతి మెట్టు. విదేశంలో రాసిన కాగితం ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోపు ఇక్కడి స్టాంప్ డ్యూటీ కట్టాలి. నల్గొండలో జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు మీ బాపు ఒకసారి వెళ్లాలి. కవరు మీద చేరిన తేదీ కనిపించేలా ఉంచుకోమనండి.

ఫారం 29, ఫారం 30 ఒకటే అనుకుంటారు గానీ వాటి పని వేరు. 29 అనేది అమ్మినాయన "నేను ఫలానా తేదీన ఫలానా మనిషికి అమ్మాను" అని ఆర్టీఏకు ఇచ్చే సమాచారం. రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో ఇవ్వాలి. 30 అనేది కొన్నాయన "నా పేరు మీదికి మార్చండి" అని పెట్టుకునే దరఖాస్తు, దానికి 30 రోజుల గడువు. మనవాళ్లు రెండూ కలిపి కొనేవాడి చేతిలో పెట్టి చేతులు దులుపుకుంటారు. స్కూటర్ విషయంలో నేను చేసిన తప్పు అదే. మీ బాపు తాళాలు ఇచ్చే రోజు, ఆర్టీఏ స్లాట్ రోజు ఒకటే అయ్యేలా చూసుకోండి. పొద్దున ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లాలి, రసీదు చేతికొచ్చాక తాళాలు చేతులు మారాలి. అప్పటిదాకా కారు మీ ఇంటి గేటు లోపలే ఉంటుంది. పండగకు అడిగినా, గుడికి అడిగినా అంతే.

ఆ రెండు ఖాళీ ఫారాల మీద మీరు పెట్టిన సంతకాలు నాకు అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతున్నాయి. కొన్నవాడి పేరు లేదు, తేదీ లేదు, మీ సంతకం మాత్రం ఉంది. ఎవరి పేరైనా రాసుకోవచ్చు. మీకు పైసా అందకుండానే కారు మీది కాకుండా పోవచ్చు. అంతకంటే ఘోరం, ఎవరూ ఏమీ రాయకుండా ఏళ్లకేళ్లు జేబులో పెట్టుకొని తిరగవచ్చు. అవి చింపేసి, బాపు చేత కొత్తవి నింపించండి.

అప్పగించే రోజు ఒక తెల్లకాగితం మీద డెలివరీ నోట్ రాసుకోవాలి. తేదీతో పాటు టైము కూడా రాయాలి, పొద్దున 11.40 అయితే 11.40 అనే రాయాలి. ఆ సాయంత్రమే ఎక్కడైనా గుద్దితే ఆ టైమే మాట్లాడుతుంది. మీటర్ రీడింగ్, రెండు సంతకాలు, ఇద్దరు సాక్షులు, ఫోన్‌లో ఒక ఫోటో. బామ్మర్దే కదా అని ఈ ఒక్కటి వదిలేయకండి. అంతకు ముందే చలాన్లన్నీ కట్టేయాలి. పొల్యూషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ రెండూ ఆ రోజుకు బతికి ఉండాలి. ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరు మీదికి మారాలి, దానికి కొన్నాయన 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. లేదంటే రేపు తన కారు డ్యామేజీకి క్లెయిమ్ పెడితే కంపెనీ పైసా ఇవ్వదు. ఇది మీకంటే ఆయనకే అవసరమని చెప్పండి. మీ నో క్లెయిమ్ బోనస్ మాత్రం కారుతో పోదు, అది మనిషిది, లెటర్ తెప్పించి దాచుకోండి. ఫాస్టాగ్ కూడా అదే రోజు క్లోజ్ చేసేయండి. లేకపోతే మళ్లీ తెల్లవారుజామున ఫోన్ మోగుతుంది.

మాచర్ల పార్టీని ఎందుకు వద్దన్నానో ఇప్పుడు చెబుతాను. సాగర్ డ్యామ్ దాటితే వేరే రాష్ట్రం. అక్కడ రిజిస్టర్ కావాలంటే ఇక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ తీసుకోవాలి, అక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అది తక్కువేం కాదు. కాబట్టి ఆ 4 లక్షల 80 వేలు చివరిదాకా 4 లక్షల 80 వేలుగా ఉండవు, ఎన్‌వోసీ చేతికొచ్చాక ఆయన మళ్లీ బేరానికి దిగుతాడు. దిగకపోతే ఇంకా భయపడాలి. ట్యాక్స్ ఎగ్గొట్టి టీఎస్ నంబరుతోనే ఏళ్ల తరబడి తిప్పుతాడన్నమాట, అంటే మీ పేరుతో. వాడపల్లి వంతెన అటూ ఇటూ అట్లా తిరిగే బండ్లు మీరూ చూసే ఉంటారు. వాటిలో మీదొకటి కావద్దు.

బామ్మర్దితో ఈ షరతుల మీద కుదరకపోతే మూడో దారి ఉంది. 2023 ఏప్రిల్ నుంచి సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లకు ఆర్టీఏ ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకునే పద్ధతి వచ్చింది. అట్లాంటి డీలర్‌కు కారు అప్పగించి ఫారం 29సి మీద సమాచారం నమోదు చేస్తే, అక్కడి నుంచి కారుకు ఓనరుగా లెక్కలోకి వచ్చేది డీలరే. కారు ఎప్పుడు అమ్ముడుపోయినా మీకు పట్టింపు లేదు. రేటు తగ్గిస్తారు, తగ్గించనివ్వండి. సర్టిఫికెట్ చూపించమని ముందే అడగండి, చూపించకుండా "మేం చూసుకుంటాం సార్" అనేవాళ్ల దగ్గర కూర్చోవద్దు.

డబ్బు సంగతి. రెండు లక్షలు నగదుగా బాపు చేతిలో పెడతానన్నాడు కదా, అది కుదరదు. ఒకే లావాదేవీకి రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. సరిగ్గా రెండు లక్షలైనా తప్పే, ముక్కలు చేసి తీసుకున్నా తప్పే. జరిమానా తీసుకున్నవాడికే, తీసుకున్నంత. బ్యాంకులోనే వేయించుకోండి, మీ ఎన్‌ఆర్‌వో ఖాతాలోకి (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి డబ్బుకు పెట్టుకునే ఖాతా). దేశం వదిలినప్పటి పాత సేవింగ్స్ ఖాతానే ఇంకా నడుపుతుంటే ముందు దాన్ని ఎన్‌ఆర్‌వోగా మార్పించుకోండి. సొంత వాడకానికి ఉంచుకున్న కారు అమ్మితే లాభం మీద పన్ను పడదు, ఆ భయం వద్దు. ఆ డబ్బు డాలస్ తెప్పించుకోవాలన్న ఆలోచన ఉంటే మానుకోమంటాను. బాపు కంటి మందులు, కరెంటు బిల్లులు ఎన్‌ఆర్‌వో నుంచే కట్టుకోవచ్చు.

రెండో రెండు లక్షలు దసరాకు అన్నాడు. దానికి నేను ఒప్పుకుంటాను. పేరు ముందు మారిపోయి, డబ్బు తర్వాత వస్తే మీకు పోయే ప్రమాదం రెండు లక్షలే, అదీ బామ్మర్ది దగ్గర. డబ్బంతా ముందే వచ్చి పేరు మారకపోతే పోయేది ఎంతో లెక్కే లేదు. చుట్టాల మధ్య అప్పు ఉండొచ్చు, ఆర్‌సీ ఉండకూడదు.

ఇవాళ బాపుకు ఫోన్ చేసి రెండే రెండు అడగండి. ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉంది? ఆ సంతకాల ఫారాలు ఎక్కడున్నాయి? బీరువాలో ఉన్నాయంటే ఫోటో తీసి పంపమని, మీరు చూస్తుండగానే చింపమని చెప్పండి. "అవి కూడా మీ బామ్మర్దే తీస్కపోయిండు రా" అన్నాడంటే బ్యాంకు మెయిల్ రేపు పెట్టుకోవచ్చు, ముందు బామ్మర్దికి ఫోన్ కలపండి.